ఎప్‌వర్తు గ్రామపు తల్లి: సూసన్నా వెస్లీ

మెతడిస్టు సంఘమునకు మూలపురుషుడైన జాన్ వెస్లీ పేరును, వేలకొలది కీర్తనలు రచించిన అతని తమ్ముడు చార్లెసు వెస్లీ పేరును మన విద్యార్థులలో అనేకులు వినియుందురు. క్రిస్మసు దినమున మన దేవాలయములలో తెలుగున పాడుకొను పాటలలో నొకటి చార్లెసు రచించిన పాటకు అనువాదమే. 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమును కట్టించినవారును వెస్లీ పేరు ధరించిన మిషనువారే. అయితే ఈ యిద్దరు సోదరులకు అక్షరములు నేర్పి, మోకరించుట అలవాటుచేసిన తల్లినిగూర్చి మనము వినునది తక్కువ. ఆమె బిరుదు లేవియు పొందలేదు, దేశములు తిరుగలేదు. ఆమె జీవితములో దాదాపు నలువది సంవత్సరములు ఒక బురదనేల పల్లెలో, అప్పులవారి నడుమ, ఉయ్యెల ప్రక్కను గడచినవి. ఆ తల్లి కథను ఈ సంచికలో చెప్పదలచితిని.

సూసన్నా 1669వ సంవత్సరము జనవరి 20వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రియైన డాక్టరు సామ్యూలు ఆనెస్లీ ఆనాటి పేరుగాంచిన ప్రసంగీకులలో నొకడు. 1662లో రాజశాసనము విధించిన ఆరాధనక్రమమునకు లోబడనొల్లక తమ గుడులను, జీతములను విడిచి వెలుపలికి వచ్చిన బోధకులలో అతడును చేరినవాడు. సూసన్నా అతని యిరువదియైదవ బిడ్డ, అందరిలోను కడగొట్టుది. ఆ యింట పుస్తకములకు కొదువ లేదు. ఆడపిల్ల యను కారణమున ఆమె చదువు తగ్గలేదు. పదుమూడు సంవత్సరములు నిండకమునుపే ఆమె ఉభయపక్షముల వాదములను స్వయముగా పరిశీలించి, తండ్రి విడిచివచ్చిన ఇంగ్లాండు సంఘములోనికే తిరిగి పోవుటకు నిశ్చయించుకొనెను. తండ్రి ఆమెను ఆటంకపరచలేదు. మనస్సాక్షి నిమిత్తము తన జీవనోపాధిని పోగొట్టుకొనినవాడు గనుక బిడ్డ మనస్సాక్షిని నలుపుటకు అతనికి చేతులు రాలేదు కాబోలు.

1688వ సంవత్సరము నవంబరు నెలలో, తన పందొమ్మిదవ యేట, ఆమె సామ్యూలు వెస్లీ అను యువకుని వివాహమాడెను. అతడును ఆమెవలెనే తండ్రుల పక్షము విడిచి ఇంగ్లాండు సంఘమున చేరినవాడు. విద్వాంసుడు, కవి, ముక్కోపి. లింకన్‌షైరు మండలములోని సౌత్ ఆర్మ్‌స్‌బీ అను చిన్న గ్రామమున వారు కొన్ని సంవత్సరములు కాపురముండిరి. పదునేడవ శతాబ్దము ముగియవచ్చుచుండగా అదే మండలములోని ఎప్‌వర్తు అను పల్లెకు సామ్యూలు పాదిరిగా నియమింపబడెను.

ఎప్‌వర్తు ఉన్న ప్రదేశమునకు ఆక్సొల్ము ద్వీపమని పేరు. అది సముద్రములోని ద్వీపము కాదు. నదులును చిత్తడినేలలును చుట్టియుండుటచేత ఆ పేరు వచ్చెను. వానకాలమున మన కొల్లేటి లంకలను చూచినవారికి ఆ దేశము కొంత ఊహకు అందును. సూసన్నా పుట్టుటకు నలువది సంవత్సరములు ముందుగా రాజు సెలవుపై హాలండు దేశపు ఇంజనీరొకడు ఆ చిత్తడినుండి నీరు తీయించి సాగునేలగా మార్పించెను. దానివలన తమ చేపలును, పక్షివేటయు, మేతబీళ్లును పోయెనని ఆ జనులు తిరుగబడి కట్టలు తెంచిరి. ఆనాటినుండి పైనుండి వచ్చిన దేనినైనను, ఎవరినైనను అనుమానించుట వారికి అలవాటయ్యెను. అట్టివారి నడుమ లండను పట్టణపు విద్వాంసుడు, రాజపక్షపాతి, పాదిరిగా వచ్చి దిగెను.

పాదిరికి ఏటికి రమారమి 200 పౌనుల రాబడి యని చెప్పుకొనిరి గాని, కాపురము పెట్టుటకే అప్పు చేయవలసి వచ్చెను. రాబడిలో కొంత భాగము పొలముమీదనుండి తీసికొనవలసినదే. సామ్యూలు చేతికి కలము తెలిసినట్లు నాగలి తెలియదు. ఇక బిడ్డలు. సూసన్నా మొత్తము పందొమ్మండుగురిని కనెను. వారిలో తొమ్మండుగురు పసితనముననే పోయిరి. ముగ్గురు కుమారులును ఏడుగురు కుమార్తెలును పెరిగి పెద్దవారైరి. ఈ లెక్క చదువుటకు ఒక్క నిమిషము పట్టదు. తొమ్మిదిమారులు చిన్న పెట్టె వెంట శ్మశానమునకు పోయి, తిరిగివచ్చి, మిగిలినవారికి అన్నము పెట్టిన స్త్రీ ఆమె.

ఆ దంపతుల నడుమ ప్రేమ లేకపోలేదు గాని ఇద్దరును వంగువారు కారు. ఇంగ్లాండును అప్పుడు ఏలుచుండిన విలియము రాజు న్యాయమైన రాజు కాడని సూసన్నా అభిప్రాయము. కుటుంబప్రార్థనలో భర్త రాజు నిమిత్తము ప్రార్థించినప్పుడు ఆమె ఆమేన్ అనకుండుట అతడు కనిపెట్టి కారణమడిగెను. ఆమె దాచలేదు. ఒకే కాపురమున రెండు రాజభక్తులు పొసగవని అతడు 1702లో ఇల్లు విడిచి లండనుకు పోయెను. కొలదికాలమునకే రాజు మరణించెను. ఆన్ రాణి సింహాసనమెక్కెను. ఆమె విషయమున దంపతులకు భేదము లేకపోయినను పట్టుదల మాత్రము తగ్గలేదు. తుదకు ఆ యేడు పాదిరి ఇంటికి నిప్పంటుకొని కొంతభాగము కాలిపోయిన తరువాత వారు సమాధానపడిరి. మరుసటి సంవత్సరము జూన్ నెలలో జాన్ పుట్టెను. వీరిలో తప్పెవరిదని మా తరగతిలో ఒక బాలిక నన్నడిగెను. ఇద్దరిదియు మొండితనమే యని చెప్పితిని. కాని ఇల్లు విడిచి పోవుటకు మగవానికి వీలుండెను, ఉయ్యెల విడిచి పోవుటకు ఆమెకు వీలులేకపోయెను.

1705వ సంవత్సరము ఆ కుటుంబమునకు చేదు సంవత్సరము. పార్లమెంటు ఎన్నికలలో సామ్యూలు ఊరివారికి ఇష్టములేని పక్షమున నిలిచెను. ఒక రాత్రి ఆయన లింకను పట్టణమున నుండగా గుంపు వచ్చి పాదిరి ఇంటియెదుట డప్పులు కొట్టి, కేకలు వేసి, తుపాకులు కాల్చెను. సూసన్నా అప్పటికి మూడు వారముల బాలెంతరాలు. పసిబిడ్డను ఎదుటి యింటిలో దాదియొద్ద నుంచిరి. ఆ యల్లరిలో దాదికి చాల ప్రొద్దుపోవువరకు నిద్రలేదు. పిమ్మట మొద్దునిద్ర పట్టి, నిద్రలో ఆమె బిడ్డమీద పడెను. తెల్లవారుజామున మేల్కొని చూచునప్పటికి బిడ్డ చనిపోయియుండెను. దాది వెఱ్ఱిదానివలె పరుగెత్తివచ్చి ఆ బిడ్డను పనివారి చేతులలో పెట్టెను. వారు తీసికొనిపోయి తల్లికిచ్చిరి.

ఆ వేసవియందే, ముప్పది పౌనులైనను లేని అప్పు నిమిత్తము, సామ్యూలును దేవాలయపు ఆవరణములోనే బంధించి లింకను కోటలోని చెరసాలకు తీసికొనిపోయిరి. ఇంట డబ్బు లేనందున సూసన్నా తన ఉంగరములు తీసి, అమ్ముకొనుమని భర్తకు పంపెను. ఆయన వాటిని తిరిగి ఇంటికి పంపివేసెను. ఆయన చెరలో నుండగా పగవారు రాత్రివేళ వచ్చి పాదిరి ఆవులను కత్తులతో పొడిచిరి. ఆ యావుల పాలే పిల్లలకు ముఖ్యాహారము. ఆ దినములలో యార్కు ఆర్చిబిషప్పుగారు సూసన్నాను చూచి, ఎన్నడైనను రొట్టెలేక బాధపడితివా యని విచారించిరి. పస్తుండినట్లు ఆమె చెప్పలేదు. అయితే ఆ రొట్టెను సంపాదించుటకును, తినిన తరువాత దాని వెల చెల్లించుటకును పడిన చింతవలన తినునది రుచించుట మానెనని తెలిపెను. ఆ బిషప్పుగారు ధనసహాయము చేసిరి. కొన్ని నెలలకు సామ్యూలు విడుదల పొందెను. ఊరు మారుమని స్నేహితులు చెప్పినను ఆయన మారలేదు.

1709వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీ రాత్రి పాదిరి ఇల్లు రెండవమారు అంటుకొనెను. కొయ్యయు సున్నపుపూతయు గల గోడలు, గడ్డి కప్పు. పావుగంటలో మంట ఇంటినంతయు పట్టెను. సూసన్నా నిండుచూలాలు, జబ్బుగా నుండి వేరుగదిలో పండుకొనియుండెను. వీధి తలుపువైపు మూడుసార్లు పోబోయి మంటల వేడికి వెనుకకు తగ్గి, దేవుని ప్రార్థించి, ముఖమును చేతులును కమలుచుండగా ఆ మంటలోనుండియే నడచి వెలుపలికి వచ్చెను. పిల్లలు కొందరు కిటికీలనుండియు, కొందరు తోటవైపునుండియు తప్పించుకొనిరి. లెక్కించి చూడగా అయిదేండ్ల జాన్ కనబడలేదు. తండ్రి మేడమెట్లు ఎక్కబోయెను గాని అవి అప్పటికే కాలి ఆయన బరువు నోపలేదు. ఆయన నడవలో మోకరించి బిడ్డ ఆత్మను దేవునికి అప్పగించెను. ఇంతలో బాలుడు మేలుకొని, కిటికీ దగ్గరనున్న పెట్టెమీది కెక్కి క్రింది జనులకు కనబడెను. నిచ్చెన తెచ్చుటకు వేళలేదు. ఒకడు గోడనానుకొని నిలువగా వాని భుజములమీద మరియొకడు నిలిచి బాలుని లాగుకొనెను. ఆ క్షణముననే ఇంటికప్పు లోపలికి కూలెను. ఎనమండుగురు పిల్లలును దక్కిరని తండ్రి ఇరుగుపొరుగువారిని మోకరించుమని పిలిచి దేవుని స్తుతించెను. పుస్తకములు, వ్రాతప్రతులు, బట్టలు, పాత్రలు, సమస్తమును బూడిదయ్యెను. మరుసటి నెల పుట్టిన ఆడుబిడ్డకు కెజీయా అని పేరు పెట్టిరి. సర్వమును కోల్పోయిన యోబునకు తరువాత కలిగిన కుమార్తెలలో ఒకతె పేరది.

ఇల్లు ఇటుకలతో తిరిగి కట్టువరకు పిల్లలు బంధువుల యిండ్లలోను ఇరుగుపొరుగువారియొద్దను చెదరియుండిరి. ఆ నెలలలో వారు మోటమాటలు, అల్లరిపాటలు నేర్చుకొనిరి. ఆదివారమునకును మిగత దినములకును భేదము మరచిరి. ఎన్నో యేండ్లుగా తాను కట్టినది ఆ యింటితోపాటు కూలినట్లు సూసన్నా చూచెను. ఆమె మరల మొదటినుండి ఆరంభించెను. బడి మొదలుపెట్టునప్పుడును, ముగించునప్పుడును కీర్తన పాడు పద్ధతి ఆ తరువాతనే ఆ యింట ప్రవేశించెను.

ఆమె బడినిగూర్చి కొంచెము విడిగా చెప్పవలెను. ఈ పత్రిక చదువువారిలో ఉపాధ్యాయులును తల్లిదండ్రులును ఎక్కువమంది గదా. బిడ్డకు అయిదేండ్లు నిండిన మరునాడు చదువు ప్రారంభము. అంతకు ముందుదినమే ఇల్లు సర్ది, ఎవరి పని వారికి ఒప్పగించి, ఉదయము తొమ్మిది మొదలు పండ్రెండువరకు, రెండు మొదలు అయిదువరకు ఎవరును గదిలోనికి రాకూడదని కట్టడి చేసెడిది. ఆ యొక్క దినములో బిడ్డ అక్షరములన్నియు నేర్చుకొనవలెను. ఇద్దరు కుమార్తెలకు మాత్రము ఒకటిన్నర దినము పట్టెను; వారు మందబుద్ధులని ఆమె అప్పుడు తలంచెను. తరువాత ఇతరుల పిల్లలకు ఎంతకాలము పట్టుచున్నదో చూచి ఆ తలంపు మార్చుకొనెను! ఇరువదియారు అక్షరముల భాషకు ఇది చెల్లును. మన యేబదియారు అక్షరములకును, గుణింతములకును, ఒత్తులకును ఒకటిన్నర దినమనిన ఏ పంతులు ఒప్పుకొనును? అక్షరములైన మరునాడే ఆదికాండము మొదటి అధ్యాయము తెరిపించి, మొదటి వచనము తడబడకుండ వచ్చువరకు చదివించి, ఆపైని రెండవదానికి పోవుచుండెను.

ఆమె పద్ధతులన్నియు నాకు సమ్మతములు కావు. ఏడాది నిండీనిండని బిడ్డకు బెత్తపు భయము నేర్పి, ఏడ్చినను మెల్లగా ఏడ్చునట్లు చేయుట ఆమె నియమము. పిల్లల స్వంత ఇచ్ఛను ముందుగా లోబరచవలెనని ఆమె నమ్మకము. శిక్షణ కళాశాలలో నేను నేర్చినదియు, తరువాత ఇరువది యేండ్లు తరగతిగదిలో చూచినదియు దీనికి విరుద్ధముగా నున్నవి. కాని అదే తల్లి చేసిన మరికొన్ని నియమములు చూడుడు. తప్పు చేసిన బిడ్డ తనంతట ఒప్పుకొని, దిద్దుకొందునని మాట ఇచ్చిన కొట్టరాదు. ఏలయనగా దెబ్బల భయమే పిల్లలకు అబద్ధము నేర్పునని ఆమె కనిపెట్టెను. ఒక తప్పునకు రెండుమారులు శిక్షింపరాదు. తరువాత దానిని ఎత్తి పొడువరాదు. మెప్పించవలెనని బిడ్డ చేసిన పని చక్కగా కుదరకపోయినను ఆ యుద్దేశమును మెచ్చుకొని దయతో దారి చూపవలెను. పైసకైనను సూదికైనను కొరగాని వస్తువైనను అది యొకరి సొత్తైన, అడుగక ముట్టరాదు. ఇవన్నియు 1732లో జాన్ అడుగగా ఆమె ఉత్తరమున వ్రాసి పంపినవి.

ఆ నియమములలో కడపటిది ఆడపిల్లలదిగా నున్నది. చక్కగా చదువుట వచ్చువరకు ఏ ఆడపిల్లకును కుట్టుపని నేర్పరాదని ఆమె నిర్ణయము. చదువునకు ముందే పిల్లను పనిలో పెట్టుటవలననే స్త్రీలలో వినదగినట్లు చదువగలవారు అరుదుగా నున్నారని ఆమె తలంచెను. మూడువందల యేండ్లక్రిందట, అప్పులలో మునిగి, పనివారు చాలని ఇంట, ఏడుగురు కుమార్తెలుగల తల్లి ఈ మాట నిర్ణయించెను. పత్తి ఏరుటకనియు, తమ్ముని ఎత్తుకొనుటకనియు అమ్మాయిని బడి మాన్పించుటకు వచ్చెడి తల్లులతో నేను ఈ సంగతి పలుమారులు చెప్పియున్నాను. కొందరు వినిరి.

ఇంతమందిలో ఏ బిడ్డయు గుంపులో కలిసిపోకుండ ఆమె మరియొక యేర్పాటు చేసెను. ప్రతి రాత్రియు ఒక్కొక్క బిడ్డను వేరుగా కూర్చుండబెట్టుకొని దాని మనస్సులోని మాట వినుచుండెను. సోమవారము మోలీ, మంగళవారము హెట్టీ, బుధవారము నాన్సీ, గురువారము జాన్, శుక్రవారము పాటీ, శనివారము చార్లెసు, ఆదివారము పెద్దపిల్లలైన ఎమీలియాయు సూకీయు. జాన్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున పండితుడైన తరువాతకూడ, తన గురువారపు సాయంకాలములో కొంచెము వేళ తన నిమిత్తము ఉంచుమని తల్లికి వ్రాసికొనెను.

ఈ యేర్పాటు ఎట్లు పుట్టెనో తెలిసినప్పుడు మనవారికి ఆశ్చర్యము కలుగును. 1711వ సంవత్సరపు చలికాలమున సామ్యూలు సంఘసభల నిమిత్తము లండనున నుండెను. ఆయనకు బదులు ఉంచిన సహాయ పాదిరి ఆదివారము ప్రొద్దున తప్ప మరల ఆరాధన జరుపలేదు. అందుచేత సూసన్నా సాయంకాలము తన వంటయింటిలో పిల్లలకును పనివారికిని ప్రార్థనలు చదివి, ఒక ప్రసంగము వినిపించుచుండెను. పనిచేయు కుర్రవాడొకడు ఆ సంగతి తన తలిదండ్రులతో చెప్పగా వారును రావచ్చునా యని అడిగిరి. వారిని చూచి మరికొందరు వచ్చిరి. ముప్పది నలువదిమంది కూడుకొనసాగిరి.

ఆ దినములలో ఎమీలియా తండ్రి చదువుగదిలో వెదకుచు ఒక చిన్న పుస్తకము తీసికొనివచ్చి తల్లికి చదివి వినిపించెను. అది డెన్మార్కు రాజు పంపగా మన దక్షిణదేశమునకు వచ్చిన ఇద్దరు మిషనరీల వృత్తాంతము. వారు జీగెన్‌బాల్గు, ప్లూచౌ అను జర్మను యువకులు. 1706వ సంవత్సరము జూలై 9వ తేదీన తమిళదేశపు కోస్తాలోని తరంగంబాడియందు దిగిరి. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దు పిల్లలతో కూర్చుండి జీగెన్‌బాల్గు తమిళము నేర్చుకొనుట మొదలుపెట్టెను. ఆ పుస్తకము విని సూసన్నా కొన్నాళ్లపాటు మరియొకటి తలంపలేకపోయెను. తాను పురుషుడు కాదు, పాదిరి కాదు, సముద్రము దాటి పోజాలదు. అయినను తన పిల్లలకును, తన వంటయింటికి వచ్చు పొరుగువారికిని ఇంతకంటె ఎక్కువ చేయవచ్చునని ఆమెకు తోచెను. పిల్లలకు వారములో వేరువేరు రాత్రులు పంచినది అప్పుడే. పొరుగువారితో మునుపటికంటె చనువుగా, ఆసక్తితో మాటలాడసాగినదియు అప్పుడే. తరంగంబాడి వీథిబడిలో తెల్లవాడు దిద్దిన అక్షరములు ఇంగ్లాండులోని బురదపల్లెలో ఒక తల్లిని కదలించినవి.

కొలది వారములలో రెండువందలమంది వంటయింటిలోను నడవలోను నిండిరి. చోటులేక అనేకులు మరలిపోయిరి. సహాయ పాదిరికి కోపము వచ్చెను. గుడికంటె వంటయింటికి ఎక్కువమంది పోవుట, స్త్రీ చదువుట క్రమవిరుద్ధమని సామ్యూలునకు ఫిర్యాదు వ్రాసెను. సామ్యూలు సందేహములో పడి, వేరొకరిచేత చదివింపరాదా యని భార్యకు వ్రాసెను. ఆ గ్రామస్థులలో ప్రసంగమును తడబడక చదువగలవా డొక్కడును లేడని ఆమె బదులు వ్రాసెను. గుడికి రానివారు ఇప్పుడు వచ్చుచున్నారనియు, పగలు కొన్ని చల్లారినవనియు, వీధులలో ఆదివారపు అల్లరి తగ్గినదనియు తెలిపెను. మానుమని కోరుట చాలదని, నిజముగా మాన్పింపదలచిన స్పష్టముగా ఆజ్ఞాపింపుమని, ఇన్ని ఆత్మలకు మేలుచేయు అవకాశము పోగొట్టిన లెక్కను తీర్పుదినమున క్రీస్తునెదుట ఆయనయే అప్పగించుకొనవలెనని తెలియజేసెను. ఆయన ఆజ్ఞాపింపలేదు. ఆ కూటములు ఆయన తిరిగివచ్చువరకు జరిగెను. రాజు విషయమున ఇల్లు విడిచిపోయిన మనుష్యుడు ఈ సారి భార్య మాటకు మౌనము వహించెను. జాన్‌కు అప్పుడు ఎనిమిదేండ్లు, చార్లెసునకు నాలుగు. వారు ఆ వంటయింటిలో కూర్చుండి వినిరి.

తరంగంబాడి సంగతి చెప్పితిని గనుక ఒక్కమాట కలిపెదను. అదే మిషనునకు 1719లో వచ్చిన బెంజమిను షుల్జు తరువాత చెన్నపట్టణమునకు పోయి, అక్కడ తెలుగు నేర్చి, క్రొత్తనిబంధనను మన భాషలోనికి అనువదించెను. అది అచ్చుపడలేదు గాని బైబిలును తెలుగుచేయుటకు జరిగిన తొలి ప్రయత్నములలో అది యొకటి.

మన దేశముతో సూసన్నాకు మరియొక సంబంధమును గలదు. ఆమె అన్న ఒకడు సూరతులో వర్తకుడై ధనము గడించెను. అతడు తన వ్యవహారములు కొన్ని సామ్యూలునకు ఒప్పగించి, అవి చెడెనని నిందించుచు చెల్లెలికి వ్రాసెను. తన యింట లేమి ఎంతయున్నను ఆమె ఆ ధనవంతుని యెదుట భర్తను తక్కువచేయలేదు. ఆయన లోకవ్యవహారమునకు తగినవాడు కాడని ఒప్పుకొనుచునే ఆయన యథార్థతను సమర్థించి 1722లో దీర్ఘమైన ఉత్తరము వ్రాసెను.

కుమారులు ముగ్గురును గొప్ప విద్య పొందిరి. కుమార్తెల కథ వేరు. ఎమీలియా ఉపాధ్యాయినియై పరుల బడులలో పనిచేసి బ్రతికెను. దాది అజాగ్రత్తవలన చిన్ననాడే అవిటిదైన మోలీ పెండ్లియైన ఏడాదిలోపలనే ప్రసవములో 1734లో చనిపోయెను. హెట్టీ ఎనిమిదేండ్లకే గ్రీకు క్రొత్తనిబంధన చదివిన పిల్ల, కవిత్వము వ్రాయగలది. 1725లో ఆమె ఒకనిని నమ్మి ఇల్లు విడిచిపోయి మోసపోయెను. తిరిగివచ్చిన ఆమెను చదువుసంధ్యలు లేని సీసపుపనివానికిచ్చి త్వరత్వరగా పెండ్లిచేసిరి. తండ్రి ఆమెను తుదివరకు క్షమింపలేదు. వంటయింటి కూటము విషయమున భర్తకు అంత దృఢముగా ఎదురు నిలిచిన తల్లి ఈ కూతురు పక్షమున అట్లు నిలిచినట్లు కనబడదు. తప్పు ఒప్పుకొనిన బిడ్డను మరల శిక్షింపరాదని నియమము చేసిన ఇంటిలోనే ఇది జరిగెను. ఈ భాగము వ్రాయక విడువవచ్చును, కొందరు విడిచిరి. మన బడిలో చదువు ఆడపిల్లలు దీనిని తెలిసికొనుట మేలని నాకు తోచినది.

1735వ సంవత్సరము ఏప్రిలు 25వ తేదీన సామ్యూలు మరణించెను. యోబు గ్రంథముపై ఆయన ఎన్నో యేండ్లు వ్రాసిన లాటిను వ్యాఖ్యానమును ఆ యేడే జాన్ రాణిగారికి సమర్పించెను. ఆయనను పాతిపెట్టిన దినముననే, పొలము సొంతదారురాలు పదునైదు పౌనుల బాకీకై నలువది పౌనులకు పైబడిన పశువులను పట్టుకొనిపోయెను. పాదిరి ఇల్లు సంఘముది గనుక దానిని విడువవలసి వచ్చెను. అరువదియారేండ్ల వయస్సున సూసన్నాకు తనదని చెప్పుకొనుటకు ఇల్లులేదు. అదే సంవత్సరము జాన్, చార్లెసులు అమెరికాలోని జార్జియాకు మిషనరీలుగా పోవలెనని పిలుపు వచ్చెను. తల్లి ఒంటరిదైనందున జాన్ సంశయించెను. ఆమె సంతోషముతో పొమ్మని చెప్పెను. అటుతరువాత ఆమె ఒక బిడ్డ యింటినుండి మరియొక బిడ్డ యింటికి పోవుచు కాలము గడపి, తుదకు లండనులో జాన్ కొనిన పాత ఫిరంగుల కార్ఖానాలో చేరెను. ఆ కార్ఖానా లండనులో మెతడిస్టుల కూటస్థలమాయెను.

వినువారికి వింతగా తోచవచ్చును గాని, ఇన్నేండ్లు ప్రార్థించి, ఇందరిని ప్రార్థనకు నడిపించిన ఈ తల్లికి తన పాపములు క్షమింపబడెనను నిశ్చయము డెబ్బదియేండ్ల వయస్సున గాని కలుగలేదు. 1739లో తన అల్లుని చేత ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనుచుండగా అది తనకు కలిగెనని ఆమె జాన్‌తో చెప్పెను. అంతవరకు అట్టి నిశ్చయము ఏ కొందరికో దొరకు వరమని తలంచి, అది లేకయే ఆమె నమ్మికతో నడచెను.

ఆ దినములలోనే థామసు మాక్స్‌ఫీల్డు అను యువకుడు, పాదిరి పట్టము లేకయే, జాన్ ఊర లేనప్పుడు ప్రసంగింప మొదలిడెను. జాన్ కోపముతో తిరిగి వచ్చెను. ఆ యువకుడు తనవలెనే దేవునిచేత పిలువబడినవాడని తల్లి చెప్పి, మొదట వాని ప్రసంగము వినుమని, దాని ఫలము చూచి తీర్పు చేయుమని బోధించెను. జాన్ వినెను, ఒప్పుకొనెను. ఆనాటినుండి పట్టములేని బోధకులు మెతడిస్టు సంఘమున వందలకొలదిగా లేచిరి. మన తెలుగు పల్లెలలో కాలినడకను తిరిగి వాక్యము చెప్పిన ఉపదేశులను, బైబిలు స్త్రీలను ఎరిగినవారికి ఈ సంగతి చిన్నదిగా తోచదు. వంటయింటిలో ప్రసంగము చదివి ఫిర్యాదునకు గురియైన తల్లి గాక మరి యెవరు ఆ సలహా చెప్పగలరు?

1742వ సంవత్సరము జూలై నెలలో ఆమెకు అంత్యకాలము వచ్చెను. చార్లెసు ఊర లేడు. జానును, బ్రతికియున్న అయిదుగురు కుమార్తెలును మంచము చుట్టు నుండిరి. మాట పడిపోవుటకు మునుపు ఆమె, తాను విడుదల పొందగానే దేవునికి స్తుతికీర్తన పాడుడని పిల్లలను కోరెను. పిల్లలు ఆలాగే నిలిచి పాడిరి. ఆగష్టు 1వ తేదీ ఆదివారము సాయంకాలము లెక్కింపరానంత జనము కూడియుండగా ఆమెను బన్‌హిల్ ఫీల్డ్స్ అను శ్మశానమున పాతిపెట్టిరి. యాత్రికుని ప్రయాణము రచించిన జాన్ బన్యనును అక్కడనే నిద్రించుచున్నాడు. ఎప్‌వర్తులో 1709వ సంవత్సరపు అగ్నిప్రమాదము తరువాత కట్టిన ఇటుకయిల్లు నేటికిని నిలిచియున్నది; చూడవచ్చినవారికి ఆ వంటయిల్లు చూపుదురు.